రొయ్యల చెరువు నుంచి ల్యాబ్ బల్ల దాకా: పరిశోధనకు నైతిక, జీవభద్రతా అనుమతులు తెచ్చుకుని నిలబెట్టుకోవడం ఎలా

విశాఖలో జీవశాస్త్రం, వైద్యం, ఫార్మసీ, సముద్ర శాస్త్రం మీద పని చేసే పరిశోధక విద్యార్థులకు, వాళ్ల గైడ్లకు, ల్యాబ్ ఇన్‌చార్జిలకు ఈ మార్గదర్శి. నియమాలను వరసగా అప్పజెప్తే ఎవరికీ ఎక్కవు. అందుకే ఊహించిన ఒక ప్రాజెక్టును తీసుకుని మొదటి నుంచి చివరి దాకా నడిపిద్దాం.

ప్రాజెక్టు ఇది. భీమిలి వైపు ఉన్న రొయ్యల హేచరీలు, చెరువుల నీటిలోంచి విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియాను వేరు చేయాలి. అక్కడ పని చేసేవాళ్ల మల నమూనాలు తీసుకుని, మందులకు లొంగని రకాలు వాళ్ల కడుపులోకి చేరాయా అని చూడాలి. దొరికిన నిరోధక జన్యువును ఈ-కోలై అనే ల్యాబ్ బ్యాక్టీరియాలో క్లోన్ చేయాలి, అంటే అందులో పెట్టి నకళ్లు పెంచాలి. చివర్లో ఒక మొక్కల సారం ఆ బ్యాక్టీరియా మీద పని చేస్తుందేమో ఎలుకల్లో పరీక్షించాలి. చూడటానికి ఒక్కటే పీహెచ్‌డీ అంశం. నిజానికి మూడు కమిటీల ముందుకు వెళ్లాల్సిన పని.

మొదటి అడుగు: ప్రపోజల్ కన్నా ముందు ఒక కాగితం

తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో ప్రాజెక్టులో చేసే ప్రతి పనినీ ఒక్కో వరుసలో రాయండి. "చెరువు నీరు తేవడం", "మల నమూనా తీసుకోవడం", "జన్యువును ప్లాస్మిడ్‌లో (జన్యువును మోసుకెళ్లే చిన్న డీఎన్‌ఏ వలయంలో) పెట్టడం", "ఎలుకకు ఇన్ఫెక్షన్ ఇవ్వడం", "డీఎన్‌ఏను సీక్వెన్సింగ్‌కు హైదరాబాద్ పంపడం", ఇలా. రెండో గడిలో ఆ పనివల్ల ఎవరికి హాని జరగవచ్చో రాయండి: నమూనా ఇచ్చిన మనిషికా, బల్ల దగ్గర కూర్చున్న విద్యార్థికా, ఎలుకకా, పక్క చెరువు రైతుకా. మూడో గడి ఏ కమిటీ అన్నది. నాలుగోది ఆ అనుమతి చేతికొచ్చే దాకా మొదలుపెట్టకూడని పని.

నాలుగో గడే ముఖ్యం. జరిగిపోయిన పనికి వెనక తేదీతో అనుమతి ఇచ్చే అధికారం ఏ కమిటీకీ లేదు. నమూనాలు తెచ్చేశాక, పేపర్ పంపేటప్పుడు పత్రిక అనుమతి నంబరు అడిగితే అప్పుడు కమిటీ దగ్గరికి పరిగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. రెండేళ్ల డేటా పక్కన పడేయాల్సి వస్తుంది.

మనిషి లేదా మనిషి నమూనా, మనిషి సమాచారం ఉంటే ఎథిక్స్ కమిటీ. రోగకారక క్రిమి, జన్యుమార్పిడి జీవి ఉంటే బయోసేఫ్టీ కమిటీ. ఎలుక, కుందేలు లాంటివి ఉంటే యానిమల్ ఎథిక్స్ కమిటీ. ఇందులో చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. ఆసుపత్రి ల్యాబ్‌లో పరీక్ష అయిపోగా మిగిలిన రక్తం, పాత కేసు షీట్లు, వాట్సాప్‌లో పంపిన ప్రశ్నావళి కూడా ఎథిక్స్ కమిటీ కిందికే వస్తాయి. వీటికి సమీక్ష నుంచి మినహాయింపు దొరకవచ్చు, కానీ ఆ మాట అనాల్సింది కమిటీ. పరిశోధకుడు తనకు తానే మినహాయింపు ఇచ్చుకోకూడదు.

రెండో అడుగు: మీ కమిటీకి ఆ అధికారం ఉందా?

కాలేజీలో కమిటీ ఉండటం, అది నమోదై ఉండటం రెండూ ఒకటి కాదు. దరఖాస్తు రాయకముందే నమోదు పత్రం నకలు అడిగి తీసుకోండి. చెల్లుబాటు తేదీ చూడండి.

మనుషుల మీద పరిశోధనకు 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ రెండు దారులు పెట్టాయి. కొత్త మందు, టీకా లాంటి క్లినికల్ ట్రయల్స్ చూసే కమిటీ కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర నమోదు కావాలి. మిగతా ఆరోగ్య పరిశోధన చూసే కమిటీ ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర, నైతిక్ పోర్టల్ ద్వారా నమోదు కావాలి. మన ప్రాజెక్టు రెండో దారిది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది ఉండాలి, అందులో కనీసం సగం మంది ఆ సంస్థకు చెందనివాళ్లు కావాలి. అధ్యక్షులు బయటివాళ్లే. సమావేశానికి కనీసం 5 గురు రావాలి. వైద్యులతో పాటు న్యాయం తెలిసినవాళ్లు, సామాజిక శాస్త్రం తెలిసినవాళ్లు, ఒక సామాన్య పౌరుడు ఉంటారు. ఆ సామాన్య పౌరుడి కుర్చీ ఖాళీగా పెట్టి సమావేశం నడిపే అలవాటు ఉంటే మానిపించండి. సమ్మతి పత్రం అర్థమవుతోందా లేదా అని చెప్పగలిగేది ఆయనే.

సొంత కమిటీ లేని సంస్థ ఇంకో సంస్థ కమిటీని వాడుకోవచ్చు. క్లినికల్ ట్రయల్ అయితే ఆ కమిటీ అదే నగరంలో గానీ, ట్రయల్ జరిగే చోటికి 50 కిలోమీటర్ల పరిధిలో గానీ ఉండాలి. అనకాపల్లి ఆసుపత్రికి విశాఖ కమిటీ సరిపోతుంది. పాడేరు, అరకు ఆ పరిధి దాటి ఉన్నాయి. ఏజెన్సీలో ట్రయల్ అనుకునేవాళ్లు ముందే చూసుకోవాలి.

బయోసేఫ్టీ కమిటీకి ఆధారం 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాలు. సంస్థ అధిపతి లేదా ఆయన నామినీ అధ్యక్షులుగా, లోపలి శాస్త్రవేత్తలు, ఒక వైద్యుడు, ఒక బయటి నిపుణుడు, బయోటెక్నాలజీ విభాగం నామినీ ఉంటారు. నమోదు అంతా ఇండియన్ బయోసేఫ్టీ నాలెడ్జ్ పోర్టల్‌లోనే. దీనిపైన ఢిల్లీలో జన్యు పరిశోధన సమీక్షా కమిటీ, పర్యావరణంలోకి విడుదల చేసే దశకు జీఈఏసీ అనే కేంద్ర కమిటీ ఉన్నాయి. రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి, జిల్లాలో కలెక్టర్ నాయకత్వంలో పర్యవేక్షక కమిటీలు ఉండాలని కూడా ఆ నియమాల్లోనే ఉంది.

జంతువులకు 1960 జంతుహింస నివారణ చట్టం, దాని కింద 1998 నియమాలు. యానిమల్ హౌస్ జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ దగ్గర నమోదై ఉండాలి, ఆ కేంద్ర కమిటీ నామినీ లేకుండా మీ కమిటీ సమావేశం చెల్లదు.

మూడో అడుగు: సమ్మతి పత్రం

ఎథిక్స్ ఫైలులో ప్రోటోకాల్, పరిశోధకుల బయోడేటాలు, శిక్షణ సర్టిఫికెట్లు, బడ్జెట్, ప్రయోజన వైరుధ్యాల ప్రకటన, సమాచార పత్రం, సమ్మతి పత్రం ఉంటాయి. మొదటివన్నీ ఎవరైనా నింపుతారు. ఫైలు వెనక్కి వచ్చేది ఎక్కువగా చివరి రెండింటి దగ్గరే.

సాధారణంగా ఇలా రాసుకొస్తారు: "ఈ అధ్యయనమందు పాల్గొనువారి నుండి మల నమూనా సేకరించబడి సూక్ష్మజీవ నిరోధకత నిమిత్తం విశ్లేషించబడును." ఇది తెలుగు లిపిలో ఉందే కానీ హేచరీలో ట్యాంకులు కడిగే మనిషికి ఒక్క ముక్క అందదు. అదే మాట ఇలా చెప్పి చూడండి:

"దొడ్డికి వెళ్లినప్పుడు కొంచెం ఈ డబ్బాలో పట్టి ఇవ్వమని అడుగుతున్నాం. చెరువుల దగ్గర మందులకు లొంగని క్రిములు పెరుగుతున్నాయా, అవి మనిషి కడుపులోకి చేరుతున్నాయా అని చూస్తాం. దీనివల్ల మీకున్న జబ్బేదీ తగ్గదు, మేం మందులేమీ ఇవ్వం. ఇష్టం లేకపోతే ఇవ్వనక్కర్లేదు. ఇచ్చాక వద్దనుకున్నా చెప్పండి, మీది పారేస్తాం. మీరు ఇచ్చారో లేదో, అందులో ఏం కనబడిందో మీ యజమానికి చెప్పం."

రాసిన పత్రాన్ని ప్రాజెక్టుతో సంబంధం లేని ఇద్దరికి చదివి వినిపించి, "మీకేం అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అని అడగండి. వాళ్లు తిరిగి చెప్పలేని వాక్యం ఏదైతే ఉందో అది మార్చాలి. పనివాళ్లలో ఒడిశా నుంచి వచ్చినవాళ్లుంటే ఒడియా పత్రం కూడా కావాలి. పాడేరు, అరకు కొండల్లో అయితే తెలుగు పత్రం చదివి వినిపించినా చాలదు. అక్కడి గిరిజన భాష కువి గానీ, అక్కడివాళ్లు మాట్లాడే ఒడియా గానీ వచ్చిన మనిషిని దుబాసీగా పెట్టుకోవాలి, ఆ మనిషి మీ జీతగాడై ఉండకూడదు.

చదవడం రానివాళ్ల దగ్గర వేలిముద్రతో పాటు నిష్పక్షపాత సాక్షి సంతకం ఉండాలి. హేచరీ సూపర్‌వైజర్ సాక్షి కాలేడు. ఆయన పక్కన నిలబడి ఉంటే "ఇవ్వను" అనే మాట ఎవరి నోటా రాదు. అందుకే యజమానితో ముందు మాట్లాడి లోపలికి వెళ్లే అనుమతి తీసుకోండి, సమ్మతి మాత్రం ఆయన లేనప్పుడు, ఒక్కొక్కరితో విడిగా తీసుకోండి. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి ఓపీలో కూడా ఇదే సంగతి. వైద్యం చేసే డాక్టరుగారే అడిగితే కాదనగల రోగి అరుదు. సమ్మతి అడిగే మనిషి వేరే ఉండాలి.

18 ఏళ్ల లోపువాళ్లకు తల్లిదండ్రుల సమ్మతి తప్పదు. దానికి తోడు 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నోటి అంగీకారం, 12 నుంచి 18 ఏళ్లవాళ్ల రాతపూర్వక అంగీకారం కావాలి. హాస్టల్ వార్డెన్, ప్రధానోపాధ్యాయుడు తల్లిదండ్రుల బదులు సంతకం పెట్టకూడదు. తెలుగు నేల దీన్ని మర్చిపోకూడదు: 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖ క్యాన్సర్ నివారణ) టీకా ప్రాజెక్టు జరిగినప్పుడు ఎన్నో సమ్మతి పత్రాల మీద సంతకాలు అలాగే పడ్డాయని విచారణలో తేలింది. 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టు ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. టీకా వేయించుకున్న కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పినా, సమ్మతి దగ్గర పోయిన నమ్మకం అంత తేలిగ్గా తిరిగి రాలేదు. అరకు, పాడేరు ఆశ్రమ పాఠశాలల్లో పని చేయాలనుకునేవాళ్లు పిల్లల ఊళ్లకు వెళ్లే ఖర్చు, రోజులు బడ్జెట్‌లోనే రాసుకోవాలి.

డబ్బు సంగతి కూడా స్పష్టంగా రాయండి. పోయిన పూట కూలి, బస్సు చార్జీ ఇవ్వడం న్యాయం. దానికి మూడింతలు ఇస్తే అవసరానికి తలూపించినట్టే. ఇదే ప్రాజెక్టు వేటకెళ్లే మత్స్యకారుల మీద అయితే ఇంకో లెక్క ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు మగవాళ్లంతా ఇళ్ల దగ్గర దొరుకుతారని పరిశోధకులకు ఆశ. చేతిలో డబ్బాడని రోజులు కూడా అవే. ఆ రెండు నెలల్లో ఇచ్చే 500 రూపాయల బరువు మిగతా రోజుల్లో ఇచ్చే 500 బరువు కాదు. కమిటీకి ఈ మాట మీరే రాయండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి.

ఇంకొకటి చాలా ఫైళ్లలో కనబడదు: అనుకోకుండా జబ్బు బయటపడితే ఏం చేస్తారు? విబ్రియో కోసం టీసీబీఎస్ (విబ్రియోలను వేరుచేసి పెంచే మీడియా) ప్లేటు మీద వేసినప్పుడు పారాహీమోలిటికస్ పచ్చటి కాలనీలుగా వస్తుంది. పసుపు కాలనీలు వస్తే అందులో కలరా క్రిమి ఉండే అవకాశం ఉంది. ఆ మనిషికి ఎన్ని గంటల్లో, ఎవరు, ఎలా చెప్తారు, ఏ ఆసుపత్రికి పంపుతారు, జిల్లా వ్యాధి నిఘా విభాగానికి ఎవరు తెలియజేస్తారు అన్నది ప్రోటోకాల్‌లో ఉండాలి. కోడ్ నంబర్లు పెట్టి పేర్లు చెరిపేస్తే ఆ మనిషిని తిరిగి పట్టుకోలేం. కాబట్టి కోడ్, పేరు కలిపే జాబితా ఒకటే ఉండాలి, అది నమూనాలున్న గదిలో కాకుండా వేరే చోట తాళం కింద ఉండాలి.

మందు ట్రయల్ చేసేవాళ్లకు అదనంగా రెండు మాటలు. మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు అయిపోవాలి. తీవ్రమైన దుష్ఫలితం కనబడితే 24 గంటల్లో కమిటీకి, స్పాన్సర్‌కు, కేంద్ర నియంత్రణ సంస్థకు తెలపాలి, కారణాల విశ్లేషణ 14 రోజుల్లో చేరాలి.

నాలుగో అడుగు: బయోసేఫ్టీ దరఖాస్తు

ఇక్కడ రెండు ప్రశ్నలను కలిపేయకండి. క్రిమి ఎంత ప్రమాదకరం అన్నది రిస్క్ గ్రూపు, 1 నుంచి 4. మీరు దానితో చేసే పనికి ఎలాంటి గది కావాలి అన్నది బయోసేఫ్టీ లెవెల్, అదీ 1 నుంచి 4. విబ్రియో రెండో గ్రూపు, రెండో లెవెల్ గది. రెండు అంకెలూ ఎప్పుడూ ఒకటే అవ్వాలని లేదు. అదే క్రిమిని లీటర్లకొద్దీ పెంచినా, తుంపర లేచే పని చేసినా జాగ్రత్తలు పెరగాలి.

జన్యుమార్పిడి ప్రయోగాలకు బయోటెక్నాలజీ విభాగం 2017 మార్గదర్శకాల్లో వర్గాలున్నాయి. మొదటి వర్గానికి మొదలుపెట్టేముందు కమిటీకి తెలియజేస్తే చాలు. రెండో వర్గానికి కమిటీ అనుమతి వచ్చాకే మొదలుపెట్టాలి. మూడు, ఆపైన అయితే మీ కమిటీ సిఫారసుతో ఢిల్లీ సమీక్షా కమిటీకి వెళ్లాలి. ల్యాబ్ రకం ఈ-కోలైలో హాని లేని జన్యువును పెట్టడం కింది మెట్టు. రోగకారకం నుంచి తెచ్చిన జన్యువు, విషాన్ని తయారు చేసే జన్యువు అయితే మెట్టు పెరుగుతుంది. చికిత్సలో వాడే యాంటీబయాటిక్‌కు నిరోధాన్ని ఆ నిరోధం లేని రోగకారకంలోకి ఎక్కించడం పూర్తిగా వేరే సంగతి. మన ప్రాజెక్టులో జన్యువు ఈ-కోలై దాటి తిరిగి విబ్రియోలోకి వెళ్లే ప్రయోగం ఉందా లేదా అన్నది ఒక్క వాక్యంలో తేల్చి రాయండి. సమీక్షకులు మొదట వెతికేది అదే.

దరఖాస్తులో రాయాల్సినవి: ఇచ్చే జీవి, తీసుకునే జీవి, వాహకం (జన్యువును మోసే ప్లాస్మిడ్) పేరు, దాని మీద గుర్తుగా ఉన్న నిరోధక జన్యువు, గరిష్ఠంగా పెంచే పరిమాణం, తుంపర లేచే పనులు ఏవి, వ్యర్థాన్ని చంపే పద్ధతి, పని చేసేవాళ్ల పేర్లు, వాళ్ల శిక్షణ. "ప్రామాణిక జాగ్రత్తలు తీసుకుంటాం" అని రాస్తే ఫైలు వెనక్కి వస్తుంది, రావాలి కూడా. "సెంట్రిఫ్యూజ్ రోటర్ మూత క్యాబినెట్‌లోనే తీస్తాం, ట్యూబు పగిలితే 30 నిమిషాలు మూత తెరవం" అని రాయండి.

వాడేసిన సముద్రపు నీరు, రొయ్యల ట్యాంకు నీరు మర్చిపోతారు. మనిషికి ఏమీ చేయని తెల్లమచ్చ వైరస్ ఒక చెరువును రోజుల్లో ఊడ్చేస్తుంది. కాల్వలోకి వదిలే నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేసి, ఎంతసేపు నిలిపారో రాసిపెట్టడం కూడా జీవభద్రతే.

ఐదో అడుగు: ఎలుకలు

జంతు ప్రయోగాల దరఖాస్తు, అంటే ఫారం బి నింపేటప్పుడు యానిమల్ ఎథిక్స్ కమిటీ మొదట అడిగేది, ఎలుక లేకుండా ఈ ప్రశ్నకు జవాబు రాదా అని. రసెల్, బర్చ్ 1959లో చెప్పిన మూడు సూత్రాలు: ప్రత్యామ్నాయం వెతకడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం. మన దేశంలో ప్రయోగం తర్వాత జంతువుకు పునరావాసం నాలుగోదిగా చేరింది. మొక్కల సారం ప్లేటు మీదే పని చేయకపోతే ఎలుకల దాకా వెళ్లే అర్హత దానికి లేదు. కాబట్టి ఆ ఫలితాలు ముందు జతచేయండి.

"గ్రూపుకు 6" అని అలవాటుగా రాసేస్తారు. ఎంత తేడా కనిపెట్టాలనుకుంటున్నారో, దానికి ఎన్ని కావాలో లెక్క చూపించండి. తక్కువైతే ఫలితం తేలక ఉన్నవన్నీ వృథాగా చస్తాయి, అది ఎక్కువ వాడటం కన్నా పెద్ద తప్పు. ప్రయోగాన్ని ఎక్కడ ఆపాలో కూడా అంకెల్లో రాయండి. బరువు 20% తగ్గితే, లేచి మేత దగ్గరికి వెళ్లలేకపోతే, ఆ రోజే నొప్పి లేకుండా ముగిస్తాం అని. రాత్రి, ఆదివారం ఎవరు చూస్తారన్నది పేరుతో సహా ఉండాలి. నమోదైన పెంపకందారు దగ్గరే కొనండి. గది 18 నుంచి 29 డిగ్రీలు, తేమ 30 నుంచి 70% మధ్య ఉండాలి. విశాఖ గాలిలో తేమ ఆ పైహద్దును ఇట్టే దాటుతుంది, ఏసీ ఒక్కటే చాలదు, తేమ తీసే యంత్రం బడ్జెట్‌లో పెట్టుకోండి.

మిగతా అనుమతులు క్లుప్తంగా. విదేశీ భాగస్వామి ఉంటే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ. మన జీవవనరులు విదేశానికి వెళ్తుంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ. కంబాలకొండలో మొక్క కోయాలన్నా అటవీ శాఖ అనుమతి. పగడాలు, సముద్ర దోసకాయలు, సముద్ర గుర్రాలు వన్యప్రాణి చట్టం కిందివి, వలలో పడ్డాయని తెచ్చుకోకూడదు.

కమిటీలు ఒకరి అనుమతి ఒకరు అడిగి ఫైలు గిరగిరా తిప్పుతుంటాయి. మూడింటికీ ఒకే వారంలో ఇచ్చి, ప్రతి దరఖాస్తులో మిగతా రెండింటి రసీదు నకలు పెట్టండి. "మిగతా అనుమతులు వచ్చాకే అమలు" అనే షరతుతో లేఖ ఇవ్వమని కోరండి.

ఆరో అడుగు: అనుమతి వచ్చాక బల్ల దగ్గర

ఇల్లు అలకగానే పండగ కాదు. లేఖ ఫైల్లో పడ్డాక అసలు పని మొదలవుతుంది.

మొదట క్యాబినెట్. చాలా కాలేజీల్లో "లామినార్" అని పిలిచే పెట్టె ఒకటుంటుంది. అది ప్లేటును దుమ్ము నుంచి కాపాడుతుంది. గాలి వెనక నుంచి ప్లేటు మీదుగా నేరుగా మీ ముఖానికి కొడుతుంది. టిష్యూ కల్చర్ మొక్కలకు అది మంచిదే, విబ్రియోకు మాత్రం పనికిరాదు. రోగకారకానికి క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్ కావాలి. తేడా తెలియకపోతే సన్నటి టిష్యూ కాగితం ముక్కను ముందు అంచు దగ్గర పట్టుకోండి. లోపలికి లాగితే క్యాబినెట్, మీ వైపు ఎగిరితే లామినార్. క్యాబినెట్‌ను పనికి కనీసం 5 నిమిషాల ముందు ఆన్ చేయండి, ముందు జాలీ మీద నోటు పుస్తకం, టిప్ డబ్బాలు పెట్టకండి, అంచు నుంచి జానెడు లోపలికి పని చేయండి. లోపల స్పిరిట్ దీపం వెలిగిస్తే గాలి వరుస చెదురుతుంది, ఫిల్టర్ పాడవుతుంది. ఏడాదికోసారి గాలి వేగం, ఫిల్టర్ పరీక్ష చేయించి ఆ స్టిక్కర్ అంటించండి.

తర్వాత ఆటోక్లేవ్. నిలువు ఆటోక్లేవ్‌లో వ్యర్థాన్ని చంపాలంటే 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడిలో 60 నిమిషాలకు తగ్గకూడదు. మీడియాకు అలవాటైన 15 నిమిషాలు దీనికి చాలవు. కుక్కర్‌లో ఆవిరి ధారగా వచ్చాకే వెయిట్ పెడతాం కదా, ఇక్కడా అంతే. గాలి మొత్తం పోయి ఆవిరి తెల్లగా, ఆగకుండా వచ్చేదాకా వాల్వు తెరిచి ఉంచాలి. తొందరపడి మూస్తే ముల్లు 15 మీదే నిలుస్తుంది, లోపల గాలి కలిసి ఉండటం వల్ల వేడి 121కి చేరదు. సంచి మూతి గట్టిగా ముడేస్తే ఆవిరి లోపలికి వెళ్లదు. వదులుగా ఉంచి, లోపల ఒక గ్లాసు నీళ్లు పోయండి. డబ్బాను ముప్పావు వంతు దాటి నింపకండి. అంటించిన టేపు మీద నల్ల గీతలు పడ్డాయంటే వేడి తగిలిందనే అర్థం, క్రిములు చచ్చాయని కాదు. అందుకు జియోబాసిల్లస్ (వేడిని బాగా తట్టుకునే బ్యాక్టీరియా) బీజాల సీసాను సంచి నడుమ పెట్టి, తర్వాత వేడి చేయని ఇంకో సీసాతో కలిపి 55 నుంచి 60 డిగ్రీల్లో ఉంచి చూడాలి. వేడి చేయనిది రంగు మారాలి, చేసినది మారకూడదు. రెండూ మారకపోతే సంతోషించకండి, ఆ సీసాలే చచ్చినవి.

శుద్ధి చేశాక బయోమెడికల్ వ్యర్థాల 2016 నియమాల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో వేరు చేసి, 48 గంటల లోపు బండికి అప్పగించాలి. బ్లీచ్ పోసిన వ్యర్థాన్ని ఆటోక్లేవ్‌లో పెట్టకండి, విషవాయువు వస్తుంది.

బ్లీచ్ అంటే సోడియం హైపోక్లోరైట్. 5% సీసా కొంటే 1 వంతుకు 4 వంతుల నీళ్లు కలిపితే 1% వస్తుంది. ఇది కాగితం మీది లెక్క. మే నెల విశాఖ ఎండలో స్టోరు రూములో మూలన పడ్డ సీసాలో 5% మిగలదు, వాసన మాత్రం అలాగే ఉంటుంది. చీకటి, చల్లటి చోట పెట్టండి, తెరిచిన తేదీ రాయండి, క్లోరిన్ పట్టీతో చూడండి, కలిపినది ఏ రోజుకారోజు పారబోయండి.

కల్చర్ ఒలికితే

ఫ్లాస్కు కింద పడింది. మొదట ఊపిరి బిగబట్టి అందరినీ బయటికి పంపండి, తలుపు మూసి "లోపలికి రావద్దు" అని రాసి అంటించండి. 30 నిమిషాలు ఎవరూ వెళ్లకూడదు, తుంపర కిందికి దిగాలి. కోటు మీద పడితే అక్కడే విప్పి సంచిలో వేయండి. తర్వాత రెండు జతల గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు, మూసిన చెప్పులతో ఇద్దరు వెళ్లండి. ఒలికిన చోట కాగితాలు పరిచి, 1% హైపోక్లోరైట్‌ను బయటి అంచు నుంచి నడుమకు నెమ్మదిగా పోయండి. నడుమ నుంచి పోస్తే క్రిమి పక్కలకు పాకుతుంది. ఇంకో 30 నిమిషాలు ఆగండి. గాజు ముక్కలను చేత్తో కాదు, పటకారుతో ఏరి గుచ్చుకోని డబ్బాలో వేయండి. మళ్లీ ఒకసారి తుడవండి. ఆ డబ్బాలు, కాగితాలు, పటకారు ఒక బకెట్లో సిద్ధంగా తలుపు బయట ఉండాలి. లోపలి అల్మరాలో ఉన్న కిట్ ఆ అరగంటలో అందదు.

సూది గుచ్చుకుంటే సబ్బు, పారే నీటితో కడగండి. పిండకండి, వేలు నోట్లో పెట్టకండి. మనిషి రక్తం అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ నివారణ మందు 2 గంటల్లో మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే ప్రయోజనం లేదు. హెపటైటిస్-బి టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు పని మొదలవక ముందే పూర్తి కావాలి. రాత్రి 9 గంటలకు ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు తలుపు మీద ఉండాలి.

జరిగింది 24 గంటల్లో రాసి బయోసేఫ్టీ అధికారికి ఇవ్వండి. విద్యార్థిని తిట్టే ల్యాబులో రెండో ప్రమాదం గురించి ఎవరూ చెప్పరు. ఒలకబోయిన ఫ్లాస్కు ధర కన్నా దాచిపెట్టిన ఫ్లాస్కు ధర ఎక్కువ అన్నది గైడ్లు పట్టించుకోవాలి.

ఏడో అడుగు: మార్పులు, తుపానులు, ముగింపు

నమూనాల సంఖ్య పెంచినా, కొత్త విద్యార్థి చేరినా, ఇంకో జన్యువు తీసుకున్నా సవరణ దరఖాస్తు ఇవ్వాలి, అనుమతి వచ్చాకే మార్చాలి. మనిషికి తక్షణ ప్రమాదం తప్పించడానికి చేసిన మార్పు ఒక్కటే ముందు చేసి తర్వాత చెప్పవచ్చు. ఏటా పురోగతి నివేదిక పంపాలి. అనుమతి గడువు ఎప్పుడు ముగుస్తుందో గోడ క్యాలెండర్ మీద రాయండి. గడువు తీరిన మర్నాడు తీసిన నమూనా అనుమతి లేని నమూనాయే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక రోజుల తరబడి కరెంటు లేదు. మైనస్ 80 ఫ్రీజర్ తలుపు తెరవకపోతే చల్లదనం కొంతకాలం నిలుస్తుంది, తర్వాత లోపలివన్నీ కరగడం మొదలవుతాయి. సెప్టెంబర్ లోపు మూడు పనులు అయిపోవాలి. ఫ్రీజర్‌లో ఏ అరలో ఏముందో చెప్పే జాబితా ప్రింటు తీసి గది బయట ఉంచాలి. జనరేటర్‌కు కనీసం 3 రోజుల డీజిల్ లెక్క చూసుకోవాలి. ముఖ్యమైన రకాల రెండో జత ఇంకో భవనంలో ఉండాలి. డ్రై ఐస్ వాడితే గది కిటికీలు తెరవండి, కారు అద్దాలు మూసుకుని తీసుకెళ్లకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ డై ఆక్సైడ్ ఊపిరి ఆడనివ్వదు. కరిగిపోయిన ఫ్రీజర్‌ను సామాన్ల అల్మరాలా సర్దకూడదు, కల్చర్ ఒలికినట్టే చూడాలి. పగిలిన ట్యూబులు గ్లౌజులు తొడిగి క్యాబినెట్‌లోనే విప్పాలి.

ప్రాజెక్టు అయిపోయాక థీసిస్ ఇచ్చి విద్యార్థి వెళ్లిపోతాడు, అతని ట్యూబులు ఫ్రీజర్‌లో మిగిలిపోతాయి. పదేళ్లకు లేబుల్ చెరిగిన ఆ పెట్టెను ఎవరో తెరుస్తారు. అందుకే ల్యాబ్ నుంచి నో డ్యూస్ ఇచ్చే ముందు గైడ్, విద్యార్థి కలిసి ఫ్రీజర్ ముందు కూర్చుని ఒక్కో ట్యూబుకూ ఈ మూడింటిలో ఏదో ఒకటి తేల్చండి: ఉంచుకోవాలి, ఇంకో సంస్థకు ఇవ్వాలి, ఆటోక్లేవ్ చేయాలి. ఉంచుకునేవాటికి సమ్మతి పత్రంలో ఎన్నేళ్లని రాశారో చూడండి. "ఈ అధ్యయనానికి మాత్రమే" అని ఉంటే ఆ మనుషుల మల నమూనాలు, వాటి డీఎన్‌ఏ ఇక మీవి కావు, నాశనం చేసి ఆ తేదీ రాయండి. సమ్మతి పత్రాలు ఆ తర్వాత కనీసం 3 ఏళ్లు, క్లినికల్ ట్రయల్ అయితే 5 ఏళ్లు బీరువాలో భద్రంగా ఉండాలి. పేర్లు, కోడ్లు కలిపే ఆ ఒక్క జాబితా ఎవరి చేతిలో ఉంటుందో, ఆ పేరు ముగింపు నివేదికలో రాసి మూడు కమిటీలకూ పంపండి.